లాన్‌లో వేరుపురుగు: ముందు లెక్క, తర్వాతే మందు

లాన్ ఎండిపోయినట్టు కనబడుతున్న చోట మోకాళ్ల మీద కూర్చుని, గడ్డిని గుప్పెట నిండా పట్టి మెల్లగా పైకి లాగండి. గడ్డి బాగుంటే పోచలు తెగి చేతికొస్తాయి, వేరు మాత్రం కదలదు. వేరుపురుగు తిన్నచోట అలా ఉండదు. పట్టుకోవడానికి వేళ్లే లేవు కాబట్టి గడ్డి చాపలా మొత్తంగా లేచి వస్తుంది. కింద తడి మట్టిలో తెల్లగా, లావుగా, కొక్కెంలా ముడుచుకుని పడుకున్న పురుగులు కనిపిస్తాయి. తల గోధుమరంగు, తల దగ్గర ఆరు కాళ్లు. తిన్న మట్టి లోపలి నుంచి కనబడటం వల్ల వెనక భాగం నల్లగా ఉంటుంది.

మేం ఉండేది న్యూజెర్సీలో. మా నాన్న అనంతపురం జిల్లాలో చాలా ఏళ్లు వేరుశనగ వేశారు. మా లాన్‌లో మొదటిసారి ఈ పురుగు దొరికినప్పుడు వీడియో కాల్‌లో చూపించాను. ఒక్క క్షణం చూసి, "ఇది మన వేరుపురుగే కదప్పా. అడుగుకెన్ని ఉండాయి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఎన్ని ఉన్నాయో చూడకుండానే, అంతకు ముందు రోజు మందు బస్తా కొని గరాజ్‌లో పెట్టేశాను. ఆ బస్తా మీది మందు ఆ నెలలో పనిచేసేది కాదని తర్వాత తెలిసింది.

అప్పటి నుంచి మా ఇంట్లో పద్ధతి మారింది. ముందు లెక్కపెడతాం, తర్వాత నెల చూస్తాం, ఆ రెండూ కుదిరితేనే మందు మాట. ఇక్కడ రాసేది న్యూజెర్సీ, న్యూయార్క్, పెన్సిల్వేనియా చుట్టుపక్కల ఉండేవాళ్లకి నేరుగా పనికొస్తుంది. టెక్సస్, ఫ్లోరిడా వైపు గడ్డి జాతులు వేరు, పురుగుల నెలలు వేరు. అక్కడివాళ్లు లెక్కపెట్టే పద్ధతి తీసుకోండి, తేదీలు మాత్రం తీసుకోకండి.

ఈ పురుగు ఏడాదంతా ఏం చేస్తుంది

వేరుపురుగంటే మట్టిలో పెరిగే పెంకుపురుగు పిల్ల. మా వైపు లాన్‌లలో ఎక్కువ పేరున్న పెంకుపురుగు జపనీస్ బీటిల్. ఈ దేశంలో దీన్ని మొదట గుర్తించింది 1916లో, మా రాష్ట్రంలోనే, రివర్టన్ దగ్గర ఒక నర్సరీలో. ఇది కాక ఓరియంటల్ బీటిల్, ఏషియాటిక్ గార్డెన్ బీటిల్, చేఫర్ జాతులు కూడా ఉన్నాయి. వీటి పిల్లపురుగులు పైకి ఒకేలా కనిపిస్తాయి. వీటి ఏడాది లెక్క తెలిస్తే సగం పని అయినట్టే. మన పండుగలతో కలిపి చెప్తాను, నాకు గుర్తుండేది అలాగే.

జూన్ చివర్లో పెద్ద పెంకుపురుగులు మట్టిలోంచి బయటికొస్తాయి. జపనీస్ బీటిల్‌ని పోల్చుకోవడం తేలిక. తల, మెడ మెరిసే ఆకుపచ్చ, రెక్కలు రాగి చెంబు రంగు, పొట్ట పక్కన ఐదేసి, చివర రెండు తెల్లటి వెంట్రుకల కుచ్చులు. జూలై అంతా గులాబీలు, ద్రాక్ష, మందార, బెండ ఆకుల్ని ఈనెలు మాత్రం మిగిల్చి జల్లెడ చేసేస్తాయి. ఆడపురుగు మధ్యమధ్యలో లాన్‌లోకి దిగి, రెండు మూడు అంగుళాల లోతున గుడ్లు పెడుతుంది. బతికినన్నాళ్లలో మొత్తం 40 నుంచి 60 దాకా పెడుతుంది. రెండు వారాల్లో అవి పొదుగుతాయి.

ఆగస్టులో పిల్లపురుగులు చిన్నవి, బియ్యపు గింజంత. వినాయక చవితి నాటికి బాగా తినే వయసుకొస్తాయి. లాన్ దెబ్బతినడం కంటికి కనిపించేది అప్పుడే. దసరా దాటి చలి ముదిరేకొద్దీ లోతుకి దిగిపోయి, శీతాకాలమంతా కదలకుండా ఉంటాయి. ఉగాది తర్వాత మట్టి వేడెక్కాక మళ్లీ పైకొచ్చి కొన్ని వారాలు తిని, మే చివర, జూన్‌లో గూడు దశకి వెళ్తాయి. ఏడాదికి ఒక్క తరమే. కాబట్టి ఒక్క ఏడాది సరైన సమయంలో పట్టుకుంటే ఆ లాన్‌లో ఆ తరం పని అయిపోయినట్టే. కానీ పక్కింటి నుంచి ఎగిరొచ్చే పెద్ద పురుగుల్ని ఎవరూ ఆపలేరు. ఒకసారి మందు వేస్తే శాశ్వతంగా పోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

మొదటి పని: ఇది పురుగేనా అని చూడటం

లాన్ గోధుమరంగు తిరిగిన ప్రతిచోటా పురుగు ఉండదు. జూలైలో వాన లేక గడ్డి నిద్రపోతుంది. అప్పుడు లాగితే వేరు గట్టిగానే ఉంటుంది, వానలు పడగానే పచ్చబడుతుంది. కుక్క మూత్రం పడిన చోట గుండ్రటి మచ్చ మధ్యలో ఎండి, చుట్టూ ముదురు ఆకుపచ్చ అంచు ఉంటుంది. బూజు తెగులైతే ఆకు మీదే మచ్చలు కనబడతాయి. ఇవేవీ పురుగుమందుకి లొంగవు.

వేరుపురుగు గుర్తులు వేరు. నీళ్లు పెడుతున్నా గడ్డి వాడుతుంది, నడిస్తే కాలి కింద స్పాంజిలా మెత్తగా దిగుతుంది. ఉదయం లేచేసరికి లాన్ తవ్వేసి ఉండటం ఇంకో గుర్తు. స్కంక్ అయితే గరాటు ఆకారంలో చిన్న చిన్న గుంతలు చేస్తుంది. రకూన్ గడ్డిని చేత్తో తిరగేసినట్టు పెళ్లలు పెళ్లలుగా ఎత్తి పడేస్తుంది. కాకులు గుంపుగా ఒకేచోట వాలి పొడుస్తుంటే కూడా అనుమానించండి. ఆ జంతువులు మీ లాన్ మీద పగబట్టలేదు, కింద తిండి ఉంది కాబట్టి వచ్చాయి.

కూరగాయల మడిలో మట్టి తిరగేసినప్పుడు ఒకటి రెండు పురుగులు కనబడితే టెన్షన్ పడకండి. చేత్తో ఏరి పారేస్తే సరిపోతుంది.

రెండో పని: తవ్వి లెక్కపెట్టడం

ఈ వ్యాసంలో ఒక్క పనే చేస్తానంటే ఇది చేయండి. ఒక గంట పడుతుంది, ఖర్చు లేదు.

ఆగస్టు చివర నుంచి సెప్టెంబర్ మధ్య దాకా మంచి సమయం. కావలసింది ఒక పార, ఒక పాత కూరగాయల కత్తి, పాత న్యూస్‌పేపర్, కాగితం, పెన్ను. పిల్లలుంటే రమ్మనండి. లెక్కపెట్టడం వాళ్లకి మహా ఇష్టం, మనకంటే కళ్లు కూడా చురుగ్గా ఉంటాయి.

లాన్‌లో ఆరు నుంచి పది చోట్లు ఎంచుకోండి. ఎండ బాగా తగిలే చోట్లు, డ్రైవ్‌వే పక్క, నడకబాట అంచు, జూలైలో మీరు బాగా నీళ్లు పెట్టిన చోటు తప్పకుండా చూడాలి. పెద్ద పురుగు గుడ్లు పెట్టడానికి ఎండ, తడి రెండూ ఉన్న నేల వెతుక్కుంటుంది. ఎండిన మచ్చ ఉంటే దాని నడిమధ్య తవ్వకండి. అక్కడ తినడానికేం మిగలక పురుగులు పక్కకి జరిగిపోయి ఉంటాయి. పచ్చగడ్డి, ఎండుగడ్డి కలిసే అంచున తవ్వండి.

ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు గీసుకుని, మూడు వైపులా మూడంగుళాల లోతుకి పార దింపండి. నాలుగో వైపు కోయకండి, అది తలుపు బందులా పనికొస్తుంది. కోసిన గడ్డిని ఆ బందు మీద వెనక్కి మడవండి. వేళ్లకి అంటిన మట్టిని కత్తితో గీరి పేపర్ మీద రాల్చండి. గుంతలో మట్టిని కూడా వేళ్లతో పొడి చేసి చూడండి. చిన్నవి మట్టిగడ్డల్లో దాక్కుని ఉంటాయి. లెక్క కాగితం మీద రాశాక మట్టి మళ్లీ గుంతలో పోసి, గడ్డిని మూసి, కాలితో అదిమి, చెంబుడు నీళ్లు పోయండి. వారంలో అతుక్కుంటుంది.

ఒక సెప్టెంబర్‌లో మా లెక్క ఇలా వచ్చింది. ఇంటి వెనక నీడలో మూడు చోట్ల 0, 2, 1. ముందు లాన్ మధ్యలో 4, 3. డ్రైవ్‌వే పక్కన ఎండ పట్టీలో 14, 11, 12. మొత్తం సగటు తీస్తే ఆరుకి కాస్త తక్కువ వస్తుంది, భయం లేదనిపిస్తుంది. కానీ ఆ సగటుకి అర్థం లేదు. డ్రైవ్‌వే పట్టీకి మందు కావాలి, మిగతా లాన్‌కి ఏమీ అక్కర్లేదు. అందుకే సగటు కాదు, చోటు చోటుకీ అంకె రాసుకోండి. మా లాన్‌లో ఆ ఏడాది మందు పడింది ఆ పట్టీకే, ఐదో వంతు నేలకి.

మూడో పని: అంకె చూసి నిర్ణయం

చదరపు అడుగుకి ఐదు లోపు ఉంటే వదిలేయండి. ఆరోగ్యంగా ఉన్న గడ్డికి అవి లెక్క కాదు. పక్షులకి కాస్త తిండి దొరికిందనుకోండి. ఎనిమిది నుంచి పది దాటితే, అందులోనూ గడ్డి ఇప్పటికే బలహీనంగా ఉంటే, ఏదో ఒకటి చేయాలి. బాగా నీళ్లు పెట్టి, ఎత్తుగా పెంచిన లాన్ పదిహేను దాకా కూడా పైకి కనబడకుండా తట్టుకుంటుంది. ఐదుకీ పదికీ మధ్య వస్తే నేనైతే మందు జోలికి వెళ్లను. నీళ్లు కాస్త ఎక్కువ పెట్టి రెండు వారాలాగి మళ్లీ తవ్వి చూస్తాను.

ఏ జాతో తెలిస్తే నిర్ణయం ఇంకా బాగా కుదురుతుంది. భూతద్దం తీసుకుని పురుగు వెనక చివర, కింది వైపు చూడండి. అక్కడి సన్నటి ముళ్ల వరస ఇంగ్లీష్ వి అక్షరంలా ఉంటే జపనీస్ బీటిల్. రెండు గీతలు పక్కపక్కన సమానంగా ఉంటే ఓరియంటల్ బీటిల్. అడ్డంగా నెలవంకలా ఉంటే ఏషియాటిక్ గార్డెన్ బీటిల్. ఈ చివరిదాని పిల్లపురుగులు గడ్డికి చేసే నష్టం తక్కువ, కాబట్టి పది కనబడినా కంగారు వద్దు. యూరోపియన్ చేఫర్ అయితే దీనికి పూర్తిగా వ్యతిరేకం, పెద్దది, ఆకలి ఎక్కువ. ఐదారు ఉన్నా పట్టించుకోవాలి. గుర్తుపట్టలేకపోతే నాలుగైదు పురుగుల్ని చిన్న డబ్బాలో వేసి మీ కౌంటీలో ఉన్న రట్గర్స్ యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ (పంటలు, తోటల సలహా) ఆఫీసుని అడగండి. ఇతర రాష్ట్రాల్లో కూడా అక్కడి వ్యవసాయ యూనివర్సిటీకి ఇలాంటి ఎక్స్‌టెన్షన్ ఆఫీసులు ఉంటాయి.

నాలుగో పని: నెలకి తగ్గ మందు

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. షాపులో బస్తాలన్నీ ఒకేలా ఉంటాయి. అన్నిటి మీదా తెల్ల పురుగు బొమ్మ, పెద్ద అక్షరాల్లో గ్రబ్ (వేరుపురుగు ఇంగ్లీష్ పేరు) అన్న మాట. ముందు వైపు చదవకండి, వెనక్కి తిప్పి అసలు మందు పేరు చూడండి.

క్లోరాంట్రానిలిప్రోల్ అని ఉంటే అది ముందుజాగ్రత్త మందు. ఊళ్లో వరి, వంగ వేసేవాళ్లకి కోరాజెన్ అంటే తెలిసేది ఇదే. ఇక్కడ గ్రబ్‌ఎక్స్ గుళికల్లో ఉండేదీ ఇదే. ఇది నీళ్లలో మెల్లగా కరిగి, మెల్లగా వేళ్ల దాకా దిగుతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో, ఆలస్యమైతే జూన్ మొదట్లో వేయాలి. ఆగస్టులో గుడ్లు పొదిగే వేళకి మట్టిలో సిద్ధంగా ఉంటుంది. తేనెటీగలకి దీనితో ప్రమాదం తక్కువ కాబట్టి, మందే వేయాల్సి వస్తే నా మొదటి ఎంపిక ఇది. కానీ సెప్టెంబర్‌లో ఎదిగిన వేరుపురుగులు కనబడ్డాక వేస్తే అప్పటికి ఉపయోగం లేదు. నేను కొన్న మొదటి బస్తా ఇదే.

ఇమిడాక్లోప్రిడ్ ఇంకో ముందుజాగ్రత్త మందు. పత్తి రైతులకి కాన్ఫిడార్‌గా తెలుసు. ఇది తేనెటీగలకి హాని చేసే కుటుంబం. న్యూజెర్సీలో 2022లో చేసిన చట్టం, పొలాలకి కాకుండా ఇంటి బయట ఈ కుటుంబం మందుల వాడకాన్ని కొద్ది మినహాయింపులతో 2023 అక్టోబర్ చివరి నుంచి ఆపేసింది. పక్క రాష్ట్రం నుంచి బంధువులు తెచ్చి ఇచ్చినా వాడకండి.

ట్రైక్లోర్‌ఫాన్ పురుగు కనబడ్డాక వేసే మందు. రెండు మూడు రోజుల్లో పనిచేసి త్వరగా విరిగిపోతుంది. సెప్టెంబర్‌లో లెక్క పది దాటి, లాన్ కళ్లముందే పోతుంటే దీనికి అర్థం ఉంది. అయితే ఇది ఊళ్లో క్లోరిపైరిఫాస్ ఉన్న కుటుంబమే. చేతికి గ్లోవ్స్, కాళ్లకి బూట్లు, పొడుగు ప్యాంటు లేకుండా ముట్టుకోవద్దు. ఇంటి లాన్‌కి మీ రాష్ట్రంలో అనుమతి ఉందో లేదో లేబుల్ మీద చూసుకోండి. ఈ దేశంలో పురుగుమందు లేబుల్ అంటే సలహా కాదు, చట్టం.

వసంతంలో మాత్రం చంపే మందు వేయకండి, వేయించుకోకండి. లాన్ చూసుకోవడానికి మేం పెట్టుకున్న ఒక సర్వీసువాళ్లు ఒక ఏడాది మే నెలలో వచ్చి, పురుగులున్నాయి, వెంటనే చంపాలి అని చెప్పి మందు చల్లి బిల్లు ఇచ్చారు. మేలో ఉండే పురుగులు బలిసినవి, మందుకి సరిగా లొంగవు. ఇంకో మూడు నాలుగు వారాల్లో తిండి మానేసి గూడు దశకి వెళ్లిపోతాయి కూడా. గడ్డి ఆ సమయంలో వేగంగా పెరుగుతూ ఉంటుంది కాబట్టి నష్టం తట్టుకుంటుంది. సర్వీసువాళ్లు మందు వేస్తామంటే మూడు ప్రశ్నలు అడగండి: అడుగుకి ఎన్ని లెక్కపెట్టారు, మందులో ఉన్నదేమిటి, ఈ నెలలో ఎందుకు? మొదటి ప్రశ్నకి అంకె రాకపోతే ఆగమనండి.

మందు వేసే రోజు

లాన్‌లో తెల్ల క్లోవర్, డాండిలయన్ పూసి ఉంటే ముందు రోజు కోసేయండి. పూలుంటే తేనెటీగలు వస్తాయి. లాన్ కొలత సరిగ్గా తీసుకోండి. ఇంటి స్థలం మొత్తం కాదు, గడ్డి ఉన్న నేల మాత్రమే. స్ప్రెడర్‌ని (గుళికలు చల్లే బండిని) బస్తా మీద రాసిన అంకెకి పెట్టి, సగం మందు నిలువుగా, మిగతా సగం అడ్డంగా చల్లితే ఎక్కడా ఖాళీ ఉండదు. డ్రైవ్‌వే, నడకబాట మీద పడిన గుళికల్ని చీపురుతో ఊడ్చి లాన్‌లోకి నెట్టండి. లేకపోతే వానకి నేరుగా కాలువలోకి పోతాయి.

తర్వాత నీళ్లు. ఇది మరిచిపోతే మందు గడ్డి మీదే ఉండిపోతుంది, పురుగు మట్టిలో హాయిగా ఉంటుంది. అర అంగుళం నీళ్లు పడాలి. స్ప్రింక్లర్ కింద రెండు మూడు ఖాళీ ట్యూనా డబ్బాలు పెట్టండి, అందులో అర అంగుళం నిండిందాకా ఆపకండి. చినుకులు పడతాయని వాతావరణ యాప్‌ని నమ్ముకోవద్దు. కుండపోత వాన వచ్చే ముందు రోజు కూడా వేయొద్దు, కొట్టుకుపోతుంది. గడ్డి పూర్తిగా ఆరేదాకా పిల్లల్ని, కుక్కల్ని రానివ్వకండి. మనకి మాత్రమే వర్తించే ఇంకో జాగ్రత్త కూడా ఉంది. వినాయక చవితి పత్రికి మందు వేసిన లాన్‌లోంచి గరికగానీ, దాని అంచున ఉన్న మొక్కల ఆకులుగానీ కోయకండి. పూజ అయ్యాక పిల్లలు వాటితోనే ఆడుకుంటారు.

మందు వద్దనుకునేవాళ్లకి: నెమటోడ్లు

మా ఇంట్లో ఇప్పుడు ఎక్కువగా వాడేది ఇదే, అందుకే కాస్త వివరంగా చెప్తాను. నెమటోడ్లంటే కంటికి కనిపించనంత చిన్న నులిపురుగులు. వేరుపురుగుకి పనికొచ్చే జాతి పేరు హెటెరోరాబ్డైటిస్ బ్యాక్టీరియోఫోరా. కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఈ పేరే ఉండాలి. స్టైనర్నీమా కార్పోక్యాప్సే అనే ఇంకో జాతి కూడా అమ్ముతారు. అది మట్టి పైపైనే పొంచి ఉంటుంది, కింద ఉన్న వేరుపురుగు మీద దాని పని తక్కువ. హెటెరోరాబ్డైటిస్ మాత్రం మట్టిలో వెతుక్కుంటూ వెళ్లి, పురుగు ఒంట్లోకి దూరి, తనతో తెచ్చిన బ్యాక్టీరియాని వదులుతుంది. రెండు మూడు రోజుల్లో పురుగు చస్తుంది. చచ్చినది కుళ్లి నల్లబడకుండా ఇటుక రంగులోకి తిరుగుతుంది. రెండు వారాల తర్వాత తవ్వి చూసినప్పుడు తెల్ల పురుగుల మధ్య ఆ ఎర్రవి కనబడితే పని జరుగుతోందని అర్థం. నాకు మొదటిసారి ఒక గుంతలో నాలుగు ఎర్రవి, రెండు తెల్లవి దొరికినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఇవి ప్రాణమున్నవి. పెరుగు తోడులాగే చూసుకోవాలి, వేడి తగిలితే పోతాయి. పార్శిల్ వచ్చే రోజు ఇంట్లో ఉండేలా ఆర్డర్ పెట్టండి. రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో కాదు. ప్యాకెట్ మీద తేదీ దాటకముందే వాడేయండి. మోతాదు ఎకరాకి వంద కోట్లు, అంటే వెయ్యి చదరపు అడుగులకి సుమారు 2 కోట్ల 30 లక్షలు. వినడానికి పెద్ద అంకె, చేతిలో చూస్తే చిన్న ప్యాకెట్.

వేసే కాలం ఆగస్టు చివర నుంచి సెప్టెంబర్ మధ్య దాకా. పురుగులు చిన్నవిగా ఉండాలి, మట్టి 60 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన ఉండాలి. సాయంత్రం ఎండ వాలాకే వేయాలి, ఎండకి అవి నిమిషాల్లో చచ్చిపోతాయి. నేను మొదటి ఏడాది శనివారం మధ్యాహ్నం ఖాళీ దొరికిందని వేశాను. డబ్బంతా మట్టిపాలైంది.

వేసే ముందు లాన్ బాగా తడపండి. స్ప్రేయర్‌లో సన్న జల్లెడ ఉంటే తీసేయండి, లేకపోతే అవి అందులోనే ఇరుక్కుంటాయి. అంతకు ముందు కలుపుమందు కొట్టిన స్ప్రేయర్ అస్సలు వాడొద్దు. నీళ్లలో కలిపాక అడుక్కి దిగుతాయి కాబట్టి కొడుతూ కొడుతూ స్ప్రేయర్‌ని కదుపుతూ ఉండండి. పూలకుండీలకి నీళ్లు పోసే డబ్బాతో పోసినా ఫర్వాలేదు. అయ్యాక వెంటనే మళ్లీ నీళ్లు పెట్టి మట్టిలోకి దింపండి. రెండు వారాల పాటు నేల తడి ఆరనివ్వకండి. ఈ రెండు వారాల నీళ్లే అసలు మందు అని నా నమ్మకం.

మిల్కీ స్పోర్ అనే పొడి గురించి చాలామంది అడుగుతారు. అది ఒక్క జపనీస్ బీటిల్ మీదే పనిచేసే బ్యాక్టీరియా, మట్టిలో నిలదొక్కుకోవడానికి ఏళ్లు పడుతుంది, ఫలితం కూడా నిలకడగా రాదు. ఆ డబ్బు గడ్డి విత్తనాల మీద పెట్టండి.

జూలైలో చేయాల్సింది, చేయకూడనిది

గుడ్డు పొదగాలంటే తడి కావాలి. జూలైలో మీ లాన్ ఎండి కాస్త గోధుమరంగు తిరిగినా సహించగలిగితే నీళ్లు ఆపేయండి. పెద్ద పురుగులు తడి లాన్ వెతుక్కుంటూ వెళ్లిపోతాయి, పెట్టిన గుడ్లు కూడా చాలావరకు ఎండిపోతాయి. గడ్డిని మూడు అంగుళాలకి తగ్గకుండా ఎత్తుగా ఉంచండి. పొట్టిగా గొరిగిన లాన్‌కి వేళ్లు కూడా పొట్టివే.

పసుపు సంచీలా వేలాడే బీటిల్ ట్రాప్ కొనకండి. దాని వాసనకి వీధి వీధంతా పురుగులు మీ ఇంటికొస్తాయి. అందులో పడేవి కొన్ని, మీ గులాబీల మీద వాలేవి ఇంకా ఎక్కువ.

దానికి బదులు పొద్దున్నే, మంచు తడి ఆరకముందు, సబ్బు నీళ్ల డబ్బా పట్టుకుని తోటలో తిరగండి. ఆ వేళకి అవి మందకొడిగా ఉంటాయి. డబ్బా కింద పెట్టి కొమ్మని తడితే టపటపా రాలి పడతాయి. అనంతపురంలో తొలకరి వాన పడిన సాయంత్రం, వేపచెట్ల మీద మూగిన పెంకుపురుగుల్ని కొమ్మలు దులిపి కిరసనాయిలు కలిపిన నీళ్లలో వేసేవారని నాన్న చెప్పేవారు. అదే పని, వేళ మాత్రం వేరు. ఒక్కటి గమనించండి. తల వెనక, మెడ మీద చిన్న తెల్లటి చుక్క ఉన్న పురుగు కనబడితే దాన్ని వదిలేయండి. అది ఒక ఈగ పెట్టిన గుడ్డు. అందులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగుని లోపలి నుంచి తినేసి, మరుసటి ఏడాదికి మన తరఫున పనిచేసే ఈగ అవుతుంది.

పోయిన గడ్డిని మళ్లీ తెచ్చుకోవడం

పురుగు పని తీరాక ఎండిన గడ్డిని రేక్‌తో గీకి తీసేసి, మట్టిని పైపైన గుల్ల చేసి విత్తనాలు చల్లండి. ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా మా వైపు అనువైన కాలం. కెంటకీ బ్లూగ్రాస్ కంటే టాల్ ఫెస్క్యూ వేళ్లు లోతుకి వెళ్తాయి, పురుగుని బాగా తట్టుకుంటుంది. విత్తనం పడ్డాక రోజూ రెండు పూటలా కొద్ది కొద్దిగా నీళ్లు పెట్టాలి. ఎరువు వేస్తే నవంబర్ 15 లోపే వేయాలి. న్యూజెర్సీ చట్టం ప్రకారం ఆ తేదీ నుంచి మార్చి 1 దాకా ఇళ్ల లాన్‌కి ఎరువు వేయకూడదు.

మీ లెక్క కాగితాన్ని ఫోన్‌లో ఫోటో తీసి దాచుకోండి. వచ్చే ఏడాది ఏప్రిల్‌లో క్లోరాంట్రానిలిప్రోల్ వేయాలా వద్దా, వేస్తే ఎక్కడ అన్నది అది చూసే నిర్ణయించుకోవచ్చు. రెండేళ్లు వరసగా ఒకేచోట పది దాటితే అక్కడ మాత్రమే వేయండి.

ఇక కరివేపాకు కుండీలు. వేసవంతా బయట పెట్టి అక్టోబర్‌లో చలికి ఇంట్లోకి తెచ్చుకుంటాం కదా, ఓరియంటల్ బీటిల్ కుండీ మట్టిలో కూడా గుడ్లు పెడుతుంది. లోపల వెచ్చగా ఉంటే పిల్లపురుగులు చలికాలమంతా వేళ్లు తింటూనే ఉంటాయి. ఆకు ఎందుకు రాలుతోందో అర్థం కాక మనం నీళ్లు, మజ్జిగ పోస్తూ పోతాం. లోపలికి తెచ్చే ముందు కుండీని పక్కకి వంచి, అంచు చుట్టూ తట్టి, వేరు ముద్దని మెల్లగా బయటికి లాగి చూడండి. తెల్లటివి కనబడితే వేళ్లతో ఏరేసి, కొత్త మట్టి వేసి మళ్లీ కుండీలో పెట్టండి. మా పెద్ద కుండీలో పోయినసారి ఏడు దొరికాయి.